ఎవరు మోసినా అదే ఫైలు

మెటాలింక్ ఫైలు లోపల ఏముందో చూడటానికి ప్రత్యేకమైన సాధనం అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చాలు, అంతా కంటికి కనిపిస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన వరుసలు. మనం దింపుకోవలసిన ఫైలు పేరు, బైట్లలో దాని సైజు, 64 అక్షరాల పొడవున్న ఒక హాష్. తర్వాత 'ముక్కలు' అన్న విభాగంలో అలాంటి హాష్‌లే వందలూ వేలూ, ఒకదాని కింద ఒకటి. ఆపైన చిరునామాలు: జర్మనీలో ఒక సర్వర్, జపాన్‌లో ఒకటి, బ్రెజిల్‌లో ఒకటి, మన దేశంలో ఒకటో రెండో. వాటి పక్కనే ఒక టొరెంట్ చిరునామా. అంతే. అసలు సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన బైటు ఒక్కటి కూడా అందులో ఉండదు.

నాలుగు గిగాబైట్ల లినక్స్ ఐఎస్‌ఓను ఐదు దేశాల సర్వర్ల నుంచీ, ఎవరో ఏమిటో తెలియని పాతికమంది కంప్యూటర్ల నుంచీ ఒకేసారి తెప్పించి, ఒక్క బిట్టు తేడా రాకుండా అతికించే పని ఈ చీటీ చూసుకుంటూనే జరుగుతుంది. ఆంటొనీ బ్రయాన్ 2005లో మొదలుపెట్టిన ఈ ఏర్పాటు 2010 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 5854గా ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో చేరింది. ఆ పత్రం మీద నాలుగు పేర్లున్నాయి. వాటిలో తత్సుహిరో త్సుజికావా 'ఏరియా2' అనే డౌన్‌లోడ్ ప్రోగ్రాం రాసినవాడు, పీటర్ పోమ్ల్ 'మిర్రర్‌బ్రెయిన్' అనే సర్వర్ ప్రోగ్రాం రాసినవాడు. అంటే తెచ్చుకునే కొస, ఇచ్చే కొస, రెండూ కట్టి చూసిన చేతులే నియమాలు కూడా రాశాయి. ఈ పత్రం చదువుతుంటే అది తెలిసిపోతూ ఉంటుంది.

దీన్ని వేగం కోసం కనిపెట్టిన ఉపాయంగా చెబుతుంటారు. వేగం ఉన్నమాట నిజమే. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇంకొకటి: బైట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్ననూ, వచ్చినవి సరైనవేనా అన్న ప్రశ్ననూ ఇది విడదీసిన తీరు. మొదటి ప్రశ్నకు ఎన్ని జవాబులైనా ఉండవచ్చు. రెండోదానికి ఒక్కటే జవాబు, అది ముందే రాసిపెట్టి ఉంది. మిగతా హంగులన్నీ ఈ విభజన పుణ్యమే.

మెటాలింక్ రాకముందు దారులు రెండు. పాతది మిర్రర్. అసలు సర్వర్‌లో ఉన్న ఫైళ్ళన్నిటినీ ఫోల్డర్లతో, పేర్లతో సహా నకలు చేసి ఉంచే మరో సర్వర్ అది. విశ్వవిద్యాలయాలూ ఇంటర్నెట్ కంపెనీలూ తమ ఖర్చుతో వీటిని నడుపుతాయి. మన దగ్గర ఐఐటీ కాన్పూర్, ఐఐటీ మద్రాసు ఈ సేవ చేశాయి. నకలు చేయడంలోనే ఎంతో నేర్పు ఉంది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో తెచ్చిన ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం, మారిన భాగాలను మాత్రమే తెస్తుంది. డెబియన్ లినక్స్ మిర్రర్లు దానిని రెండు విడతల్లో నడుపుతాయి. మొదటి విడతలో కొత్త ప్యాకేజీలు మాత్రం తెస్తారు, జాబితాలను ముట్టుకోరు. రెండో విడతలో జాబితాలు తెచ్చి, పాత ఫైళ్ళను ఆఖరున తుడుస్తారు. వరుస తిరగబడితే ఏమవుతుందో ఊహించవచ్చు: జాబితాలో పేరుంటుంది, అడిగితే ఫైలుండదు. ఈ క్రమం వల్ల సింక్ జరుగుతున్న గంటలో వచ్చినవాడు కూడా పాతదో కొత్తదో ఒక పొందికైన లోకాన్నే చూస్తాడు, సగం సగం లోకాన్ని చూడడు.

ఇంత చేసినా మిర్రర్‌ను ఎంచుకునే భారం మాత్రం చాలాకాలం మనిషి మీదే ఉండేది. దేశాల పేర్లతో పెద్ద పట్టిక ఇచ్చి 'మీకు దగ్గరలో ఉన్నదాన్ని నొక్కండి' అనేవారు. ఏది బతికి ఉందో, ఏది నిన్నటి దగ్గరే ఆగిపోయిందో, ఏది ఇప్పుడు జనంతో కిక్కిరిసి ఉందో ఆ పట్టిక చెప్పదు. ఎంచుకున్న సర్వర్ తొంభై శాతం దగ్గర చేతులెత్తేస్తే, మరో దేశం పేరు నొక్కి మళ్ళీ సున్నా నుంచి మొదలు.

రెండో దారి బిట్‌టొరెంట్. 2001లో బ్రామ్ కోహెన్ తెచ్చాడు. ఇందులో దింపుకునే ప్రతివాడూ తనకు వచ్చిన ముక్కలను అప్పటికప్పుడే ఇతరులకు ఇస్తుంటాడు. అందరి దగ్గరా తక్కువగా ఉన్న ముక్కను ముందు తెచ్చుకోవాలన్నది దాని మొదటి సూత్రం. దానివల్ల ఏ ముక్కా ఒక్కడి దగ్గరే ఉండిపోయి, వాడు వెళ్ళిపోగానే మాయం కాదు. నాకు ఇస్తున్నవాడికే నేను ఇస్తానన్నది రెండోది. అయితే కొత్తగా వచ్చినవాడి దగ్గర ఇవ్వడానికి ఏముంటుంది? అందుకే ముప్పై సెకన్లకోసారి ఎవరో ఒకరిని గుడ్డిగా ఎంచి, ఏమీ ఆశించకుండా ఇచ్చిచూస్తుంది. కొత్తవాడికి మొదటి ముక్క దక్కేది అలాగే.

ఈ రెండు దారుల బలాలూ బలహీనతలూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుబొదురుగా ఉంటాయి. కొత్త వెర్షన్ విడుదలైన రోజున మిర్రర్లు నీరసిస్తాయి, టొరెంట్ పరుగెడుతుంది. వచ్చేవాళ్ళు పెరిగినకొద్దీ ఇచ్చేవాళ్ళూ పెరుగుతారు కదా. మూడేళ్ళ తర్వాత అదే ఫైలు కావాలంటే టొరెంట్‌లో ఒక్కడూ మిగిలి ఉండకపోవచ్చు, మిర్రర్ మాత్రం నిర్మానుష్యంగా, పూర్తి వేగంతో ఎదురుచూస్తుంటుంది. కొన్ని కాలేజీల్లో, ఆఫీసుల్లో టొరెంట్‌ను అడ్డగిస్తారు. మామూలు హెచ్‌టీటీపీని అడ్డగించే చోటు అరుదు. ఇక దేశదేశాల సర్వర్లలో ఏదైనా పడిపోవచ్చు, టొరెంట్ గుంపు అంత సులభంగా పడిపోదు. వీటిలో ఒకదాన్ని ఎంచుకోమని మనిషిని అడగడమే తప్పని మెటాలింక్ చేసినవాళ్ళు అనుకున్నారు. రెండింటినీ ఒకే చీటీ మీద రాసి ప్రోగ్రాం చేతికిచ్చారు.

రాసివ్వడం తేలికే. రెండూ కలిసి ఒకే ఫైలును నింపేలా చేయడం దగ్గర పని కనిపిస్తుంది.

హెచ్‌టీటీపీలో ఫైలు మొత్తం అడగనక్కర్లేదు. 'పదో లక్ష బైటు నుంచి ఇరవయ్యో లక్ష బైటు వరకు' అని అడిగే వీలు హెచ్‌టీటీపీ 1.1లోనే ఉంది; ఒప్పుకున్న సర్వర్ మామూలు 200కు బదులు 206 అన్న సంఖ్యతో జవాబిచ్చి, ఆ భాగం మాత్రమే పంపుతుంది. నెట్ సెంటర్ల కాలంలో గెట్‌రైట్, ఫ్లాష్‌గెట్ లాంటి ప్రోగ్రాములు ఆగిన డౌన్‌లోడును తిరిగి అందుకున్నది ఈ సదుపాయంతోనే. ఒకే సర్వర్ నుంచి భాగాలు తెస్తే చిక్కు లేదు. మొదటి భాగం జర్మనీ నుంచీ, రెండోది జపాన్ నుంచీ తెస్తే? రెండు చోట్లా ఉన్నది ఒకే ఫైలని ఎవరు చెప్పాలి? పేరు ఒకటే కావచ్చు. సైజు కూడా ఒకటే కావచ్చు. ఒకచోట నిన్నటి ప్రతి, మరోచోట ఇవాళ సరిదిద్ది అదే పేరుతో పెట్టిన ప్రతి ఉండవచ్చు.

సర్వర్లు ఫైలుతోపాటు 'ఈట్యాగ్' అని ఒక గుర్తును పంపుతాయి. దాన్ని పోల్చిచూస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఎంతోకాలంపాటు అపాచీ సర్వర్ ఈ గుర్తును తయారుచేసేటప్పుడు డిస్కు మీద ఆ ఫైలుకున్న ఐనోడ్ సంఖ్యను కూడా కలిపేది. ఆ సంఖ్య ఏ డిస్కుకు ఆ డిస్కుదే. అందుచేత అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్న రెండు ఫైళ్ళు రెండు మిర్రర్లలో రెండు వేర్వేరు గుర్తులతో కనిపించేవి. పేరు, సైజు, తేదీ, గుర్తు, ఇవన్నీ ఫైలు గురించి సర్వర్ చెప్పే మాటలు. ఫైలు తన గురించి తాను చెప్పుకునేది హాష్ ఒక్కటే.

షా-256 అనే లెక్క ఎంత పెద్ద ఫైలునైనా నమిలి 32 బైట్ల సారం ఇస్తుంది. అంకెలూ అక్షరాలుగా రాస్తే 64. ఒక బిట్టు మారినా ఆ సారం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మెటాలింక్‌లో మొదట ఉండేది ఫైలు మొత్తానికి ఇలా తీసిన హాష్. దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చినట్టే అనుకోండి: కుట్టేది ఏ దర్జీ అయినా సరే, ఆదితో సరిపోతేనే తీసుకుంటాం. ఇక్కడ కుట్టేవాళ్ళు వందమంది, ఆది ఒక్కటి.

మొత్తం ఫైలుకు తీసిన హాష్‌తో ఒక లోటుంది. నాలుగు గిగాబైట్లూ దిగాక గానీ దాన్ని సరిచూడలేం. తప్పని తేలినా తప్పు ఎక్కడో తెలియదు, అంతా పారేయాలి. ఆ చీటీలో వేల హాష్‌లు బారులు తీరి ఉండటం అందుకే. ఫైలును సమాన ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక్కో హాష్ రాస్తారు. ముక్క సైజు ఒక మెగాబైటు అనుకుంటే నాలుగు గిగాబైట్లకు 4096 ముక్కలు. వాటి హాష్‌లు, చుట్టూ ఉండే ఎక్స్‌ఎంఎల్ గుర్తులు అన్నీ కలిపినా మూడున్నర లక్షల బైట్లకు అటూఇటూ. అసలు ఫైలులో పదివేలో వంతు కూడా లేదు. అంత చిన్న చీటీ దగ్గరుంటే, ఏ ముక్క వచ్చి చేరిన క్షణాన ఆ ముక్కను సరిచూడవచ్చు. చెడిపోతే ఒక్క మెగాబైటు మళ్ళీ తెచ్చుకుంటే సరి.

'ఇంటర్నెట్‌లో వచ్చేటప్పుడు చెడితే టీసీపీయే కనిపెట్టి మళ్ళీ అడుగుతుంది కదా' అనే ప్రశ్న ఇక్కడ రావాలి. టీసీపీ సరిచూసే మొత్తం 16 బిట్లే. అడ్డదిడ్డంగా చెడిన ప్యాకెట్లలో సుమారు 65 వేలకు ఒకటి దాన్ని దాటిపోగలదు. పైగా దారిలో చెడటం ఒక్కటే కాదు. మిర్రర్ డిస్కు మీదే చెడి ఉండవచ్చు, ఎవరో కావాలని మార్చి ఉండవచ్చు. అలాంటప్పుడు టీసీపీ ఆ చెడిన బైట్లనే నమ్మకంగా తెచ్చి అప్పగిస్తుంది.

అందువల్లే బరువంతా ఆ చీటీ మీద పడుతుంది. చీటీనే ఎవరైనా మార్చేస్తే హాష్‌లన్నీ వృథా. మెటాలింక్ ఇక్కడ లెక్క చూసుకుంది. మూడున్నర లక్షల బైట్ల చీటీని సాఫ్ట్‌వేర్ యజమాని తన సర్వర్ నుంచే, సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్ మీద అందరికీ ఇవ్వగలడు. గిగాబైట్ల బరువు మాత్రం ఎవరు మోసినా ఫరవాలేదు. ఇంకా గట్టిగా ఉండాలంటే చీటీలోనే పీజీపీ సంతకం పెట్టడానికి చోటుంది.

చిరునామాల వరుసలో కూడా ఆలోచన ఉంది. ప్రతి చిరునామాకూ దేశాన్ని సూచించే రెండక్షరాల సంకేతం, 1 నుంచి 999999 వరకు ప్రాధాన్య సంఖ్య ఇవ్వవచ్చు. సంఖ్య తగ్గేకొద్దీ ముందు వరుస. రెండు చిరునామాలకు ఒకే సంఖ్య ఇవ్వవచ్చు. అప్పుడు అవి సమానం. టొరెంట్‌ను మామూలు చిరునామాగా రాయరు, దానికి వేరే పేరు. ఎందుకంటే అక్కడ దొరికేది ఫైలు కాదు, ఫైలును చేరుకునే మరో చీటీ. ఈ తేడా గమనించకుండా రెండింటినీ ఒకే గంపలో వేసి ఉంటే, అమాయకపు ప్రోగ్రాం ఏదో టొరెంట్ చీటీనే తెచ్చి ఐఎస్‌ఓ అని పేరు పెట్టి ఊరుకునేది. ఫైలు పేరు గురించి కూడా పత్రం హెచ్చరిస్తుంది: పేరులో 'పై ఫోల్డరుకు వెళ్ళు' అనే చుక్కలు ఉంటే ఒప్పుకోరాదు, లేకపోతే ఎక్కడో రాసిన చీటీ మన కంప్యూటర్‌లో తనకిష్టమైన చోట ఫైలు దింపుతుంది. ఇది ఊహించి రాసిన భయం కాదు. 2010లోనే ఏరియా2లో సరిగ్గా ఆ లోపం బయటపడి, దిద్దారు.

ఇప్పుడు ఏరియా2 పని చూద్దాం. ఇదొక చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రాం. కిటికీలు లేవు, బొమ్మలు లేవు. మెటాలింక్ చేతికి వచ్చాక అది చేసే ముఖ్యమైన పని, ఫైలులోని ఒక్కో ముక్కకు ఒక్కో బిట్టు చొప్పున ఒక వరుస తయారుచేసుకోవడం. 4096 ముక్కలకు 4096 బిట్లు, అంటే 512 బైట్లు. సున్నా అంటే రావాలి, ఒకటి అంటే వచ్చి, సరిచూసి, డిస్కులో తన చోట కూర్చుంది. ఆ ముక్క తెచ్చింది జపాన్ సర్వరా, బ్రెజిల్ సర్వరా, పక్కవీధిలోని టొరెంట్ వాడా అన్నది ఈ వరుసలో ఎక్కడా లేదు. రెండు వ్యవస్థలు కలిసే కీలు ఇదే: కోరేది ఎవరినైనా, లెక్క రాసేది ఒకేచోట.

చీటీలో టొరెంట్ ఉంటే ముందు దాన్ని తెచ్చుకుంటుంది. టొరెంట్‌కూ తన ముక్కల కొలత, తన హాష్‌లు ఉంటాయి. మొదటి తరం బిట్‌టొరెంట్‌లో అవి 20 బైట్ల షా-1, తర్వాతి రెండో తరంలో షా-256. ఏరియా2 అప్పుడు ఆ కొలతలోనే పనిచేస్తుంది. హెచ్‌టీటీపీ సర్వర్‌కు ముక్కల సంగతే తెలియదు, బైట్ల సంఖ్యలు మాత్రమే తెలుసు. కాబట్టి ఏ హద్దు ఇచ్చినా అది సరిపెట్టుకుంటుంది. టొరెంట్ వాళ్ళకు హద్దులు ముందే ఖాయం. సర్దుకోగలిగినవాడే సర్దుకుంటాడు.

రెండింటి స్వభావాలు మాత్రం వేరు. టొరెంట్ అరుదైన ముక్కల వెంట పడి ఫైలంతా అక్కడక్కడా నింపుతుంది. హెచ్‌టీటీపీకి పొడవాటి వరుస భాగం దొరికితే హాయి, ఎందుకంటే ప్రతి చిన్న ఖాళీకీ కొత్తగా అడగాలి. గెట్‌రైట్ రాసిన మైకేల్ బర్ఫర్డ్ ఈ చిక్కును ముందే గుర్తించాడు. టొరెంట్‌లో మామూలు వెబ్ సర్వర్‌ను కూడా ఒక దాతగా చేర్చే పద్ధతికి ఆయన రాసిన వివరణలో, హెచ్‌టీటీపీ కోసం పొడవాటి ఖాళీలు మిగిలేలా ముక్కల ఎంపికను కొంచెం వంచమన్న సలహా ఉంది. ఏరియా2 తన మామూలు హెచ్‌టీటీపీ పనిలో కూడా కనెక్షన్లను తక్కువసార్లు తెరవాల్సి వచ్చేలా ముక్కలను ఎంచుతుంది.

ఇందులోని మర్యాద చూడండి. ఒక ఫైలును ఐదు దారుల్లో తెమ్మన్నది ఏరియా2లో ముందుగా పెట్టి ఉన్న విలువ. ఒక సర్వర్‌కు ఒకే కనెక్షన్ అన్నది మరో విలువ. రెండూ కలిపి చదివితే అర్థం బోధపడుతుంది: ఐదు దారులంటే ఐదు వేర్వేరు మిర్రర్లు. ఒకే మిర్రర్‌ను ఐదు వైపుల నుంచి గుంజే అలవాటు ఆనాటి డౌన్‌లోడ్ ప్రోగ్రాములకు బాగా ఉండేది, సర్వర్లు నడిపేవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఎవరి మీదా భారం పడకుండా మొత్తం వేగం పెంచడం మెటాలింక్‌తో వీలైంది. భాగాలు కోయడంలోనూ ఒక సంయమనం ఉంది. ముందుగా పెట్టిన విలువ ప్రకారం, నలభై మెగాబైట్ల కంటే చిన్న భాగాన్ని రెండుగా చీల్చదు. కనెక్షన్ తెరవడానికి పట్టే సమయం, దానివల్ల మిగిలే సమయాన్ని మింగేస్తుందని.

ఏ మిర్రర్ చురుగ్గా ఉందో కూడా అనుభవం నుంచే నేర్చుకుంటుంది. వెనుకటి డౌన్‌లోడ్లలో ఎవరు ఎంత వేగంతో ఇచ్చారో గుర్తుంచుకుని మంచివాళ్ళ దగ్గరికి ముందు వెళుతుంది, చచ్చిన సర్వర్లను దాటేస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మిర్రర్ నుంచి హెచ్‌టీటీపీలో తెచ్చిన ముక్క సరిచూసి కూర్చోగానే, దాన్ని టొరెంట్ గుంపులో అడుగుతున్నవాళ్ళకు ఇవ్వడం మొదలుపెడుతుంది. టొరెంట్ మాత్రమే తెలిసిన, మిర్రర్ గురించి ఎన్నడూ వినని ఎవరికో ఆ మిర్రర్ బైట్లు అలా చేరుతాయి. ఏదో ముక్క గుంపులో ఎవరి దగ్గరా లేక ఆగిపోయిన టొరెంట్ కూడా, ఇలాంటి ఒక్క మనిషి వచ్చి చేరితే మళ్ళీ కదులుతుంది.

మధ్యలో కరెంటు పోతే? బిట్ల వరుసనూ మిగతా వివరాలనూ ఏరియా2 అరవై సెకన్లకోసారి పక్కనే ఒక చిన్న ఫైలులో రాసిపెడుతుంది. మళ్ళీ నడిపినప్పుడు అక్కడి నుంచి అందుకుంటుంది. అప్పటికి ఆ ఐదు మిర్రర్లలో మూడు మూతపడినా ఫరవాలేదు. మిగిలిన ముక్కలు వేరేవాళ్ళు తెస్తారు.

ఇచ్చే కొసలో పోమ్ల్ చేసిన మిర్రర్‌బ్రెయిన్ ఉంది. ఓపెన్‌సుసె కోసం పుట్టి, లిబ్రే ఆఫీస్ లాంటివాటికీ పనికొచ్చింది. దాని వెనుక ఒక డేటాబేస్. ఏ మిర్రర్‌లో ఏ ఫైలు ఉందో మిర్రర్లను తరచూ తిరిగి చూసి నింపుతుంది. బతికి ఉన్నాయో లేవో వేరుగా ఇంకా తరచుగా తట్టి చూస్తుంది. మామూలుగా ఫైలు అడిగితే, అడిగినవాడి నెట్‌వర్కూ దేశమూ చూసి సరైన మిర్రర్‌కు మళ్ళిస్తుంది. అదే చిరునామా చివర 'మెటా4' అని తోకగా చేరిస్తే, అప్పటికప్పుడు ఆ మనిషికి తగ్గ వరుసలో చిరునామాలు పేర్చి మెటాలింక్ తయారుచేసి ఇస్తుంది. హైదరాబాద్‌లో అడిగినవాడికీ హాంబర్గ్‌లో అడిగినవాడికీ చిరునామాల వరుస వేరు, హాష్‌లు మాత్రం ఒకటే. హాష్‌లను ప్రతిసారీ లెక్కకట్టదు, ఒకసారి కట్టి దాచుకుంటుంది. నాలుగు గిగాబైట్లను అడిగినప్పుడల్లా చదువుతూ కూర్చుంటే అదే పెద్ద ఆటంకమయ్యేది. తర్వాత 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6249 ఈ వివరాలను ఎక్స్‌ఎంఎల్ లేకుండా హెచ్‌టీటీపీ జవాబు పైభాగంలోనే పంపే పద్ధతి చెప్పింది. అందంగా ఉంటుంది గానీ ముక్కల హాష్‌లకు అక్కడ చోటు చాలదు, వాటికోసం మళ్ళీ ఫైలు దగ్గరికే రావాలి.

బ్రౌజర్లు మాత్రం మెటాలింక్‌ను తమంతట తాము నేర్చుకోలేదు. కర్ల్ అనే పేరున్న ప్రోగ్రాం 2012లో నేర్చుకుని, 2021లో వదిలేసింది. ఎందుకు వదిలేసిందో తెలుసుకుంటే ఈ పని ఎంత సున్నితమో అర్థమవుతుంది. దిగిన ఫైలు హాష్ సరిపోకపోతే కర్ల్ ఆ సంగతి తెరమీద చెప్పేది. చెప్పి, ఆ తప్పు ఫైలును డిస్కు మీద అలాగే ఉంచేసేది. తెరమీద మాటను మనిషి చదవకపోయినా, ఆ పని నడుపుతున్నది మనిషి కాక మరో ప్రోగ్రాం అయినా, పాడైన ఫైలు మంచి ఫైలు పేరుతోనే అక్కడ ఉండిపోతుంది. సరిచూడటంతో పని సగమే అయినట్టు. సరిపోనిదాన్ని చేతికి అందకుండా చేసినప్పుడే పూర్తి. ఏరియా2లో సరిపోని ముక్క బిట్టు సున్నాగానే ఉండిపోతుంది కాబట్టి ఆ ప్రమాదం దాని కట్టుబడిలోనే లేదు.

మెటాలింక్ ఈ రోజుకీ రోజూ పనిచేసే చోటు ఒకటుంది, వాడేవాళ్ళలో చాలామందికి దాని పేరు కూడా తెలియదు. ఫెడోరా లినక్స్‌లో అప్‌డేట్ల కోసం తాజా జాబితాలు తెచ్చుకునేటప్పుడు డీఎన్‌ఎఫ్ అనే ప్రోగ్రాం మొదట తెచ్చుకునేది మెటాలింకే. దాన్ని తయారుచేసేది మ్యాట్ డామ్ష్ మొదలుపెట్టిన మిర్రర్‌మేనేజర్. అందులో ఉండేది ప్యాకేజీల హాష్ కాదు, ప్యాకేజీల జాబితాల జాబితాకు హాష్. ఆ ఒక్క చిన్న ఫైలు సరైనదైతే అందులో మిగతా జాబితాల హాష్‌లు, వాటిలో ప్యాకేజీల హాష్‌లు, గొలుసుగా అన్నీ సరిచూడవచ్చు. చిరునామాల వరుస కూడా ముచ్చటగా ఉంటుంది: అడిగినవాడి సొంత నెట్‌వర్క్‌లోనే మిర్రర్ ఉంటే అది ముందు, తర్వాత దేశంలోనివి, తర్వాత ఖండంలోనివి, ఆపైన మిగతా ప్రపంచం. ఒక కాలేజీ తన ప్రాంగణంలో మిర్రర్ పెట్టుకుని తన ఐపీ చిరునామాలు నమోదుచేస్తే, లోపలివాళ్ళకు బయటి ఇంటర్నెట్ ఖర్చే ఉండదు.

ఈ గొలుసు వల్ల మరో మోసమూ ఆగుతుంది. 2008లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన జస్టిన్ కాప్పోస్, ఆయన సహచరులు డీఎన్‌ఎఫ్ లాంటి ప్యాకేజీ మేనేజర్ల మీద ఒక పత్రం రాశారు. దొంగ మిర్రర్ ఫైళ్ళను మార్చనక్కర్లేదు, పాతవాటినే ఇస్తూ ఉంటే చాలని వాళ్ళు చూపించారు. పాత ఫైళ్ళ మీద సంతకాలన్నీ నిజమైనవే. వాటిలోని లోపాలు మాత్రం అందరికీ తెలిసిపోయినవి. మెటాలింక్ దీనికి సరైన అడ్డు: తాజా జాబితా హాష్ ఏదో ఫెడోరా సర్వరే చెబుతుంది, మిర్రర్ మాటతో పనిలేదు.

అయితే అంత కచ్చితంగా ఉంటే మరో ఇబ్బంది వస్తుంది. కొత్త జాబితా వెలువడిన గంటలో దాన్ని తెచ్చుకున్న మిర్రర్లు నాలుగైదే ఉంటాయి. తాజా హాష్‌ను మాత్రమే ఒప్పుకుంటే ప్రపంచమంతా ఆ నాలుగైదింటి మీద పడుతుంది, మిగతా వందలాది మిర్రర్లు చేతులు కట్టుకుని కూర్చుంటాయి. అందుకే ఫెడోరా మెటాలింక్‌లో తాజా హాష్ కింద 'ప్రత్యామ్నాయాలు' అని ఒక చిన్న భాగం ఉంటుంది. దానికి కాస్త ముందున్న జాబితాల హాష్‌లు, సైజులు, తయారైన వేళలు అందులో ఉంటాయి. ఇంకా సింక్ పూర్తికాని మిర్రర్ వాటిలో ఏదో ఒకదానితో సరిపోతే డీఎన్‌ఎఫ్ ఒప్పుకుంటుంది. అంతకంటే పాతదైతే తోసిపుచ్చి తర్వాతి చిరునామాకు వెళుతుంది. కొత్త జాబితాలు వస్తున్నకొద్దీ ఈ భాగంలో అడుగున ఉన్న హాష్‌లు రాలిపోతుంటాయి. వెనకబడిన మిర్రర్ ఈలోగా సింక్ ముగించుకుంటే వరుసలో తన చోట తాను ఉంటుంది, ముగించుకోకపోతే దాని దగ్గరున్న జాబితాను ఒప్పుకునే హాష్ ఆ చీటీలో ఇక ఉండదు.